పీడీపీ-8/ఐ మీద స్విచ్‌లతో ఎక్కించిన ప్రోగ్రాం ఆగట్లేదు. తప్పు ఎక్కడుంది?

ఒంగోలు_టు_బోస్టన్:

అందరికీ నమస్కారం. నేను మసాచుసెట్స్‌లో ఉంటాను. మా దగ్గర్లో ఒక చిన్న కంప్యూటర్ మ్యూజియం ఉంది, మూడు నెలలుగా శనివారాలు అక్కడ వాలంటీరుగా చేస్తున్నాను. వాళ్ల దగ్గర పనిచేసే స్థితిలో ఒక పీడీపీ-8/ఐ మినీకంప్యూటర్ ఉంది. 1968లో వచ్చిన మోడల్. దీన్ని తయారుచేసిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1957లో మేనార్డ్ అనే ఊళ్లో, ఒక పాత ఉన్ని మిల్లులో మొదలైంది. ఆ మిల్లు భవనాల పక్కనుంచే నేను చాలాసార్లు కారులో వెళ్లాను, ఈ యంత్రం చూసేదాకా దాని సంగతే తెలియదు.

పోయిన శనివారం మొదటిసారి నన్ను దాని ముందు కూర్చోనిచ్చారు. ఒక గంట టైమ్. టెలిటైప్‌కి (కంప్యూటర్‌కి తగిలించిన టైపు యంత్రం) ఉన్న కాగితపు టేపు రీడర్ సరిగా పనిచేయట్లేదు, ప్రోగ్రాంలు టేపు నుంచి ఎక్కట్లేదు అన్నారు. అందుకే స్విచ్‌లే దారి. నాక్కావలసిందీ అదే. మా అమ్మాయికి 15, అబ్బాయికి 8. ఆ రెండు సంఖ్యలూ కూడే ప్రోగ్రాం నా చేత్తో ఎక్కించి, తర్వాతి వారం పిల్లలకి చూపిద్దామనుకున్నాను. ఆక్టల్‌లో, అంటే 0 నుంచి 7 దాకా అంకెలే ఉండే లెక్కలో, 15 అంటే 17, 8 అంటే 10. జవాబు 27 రావాలి. ఇదీ నేను రాసుకెళ్లిన కాగితం, ఎడమది మెమరీలో చిరునామా, కుడిది అక్కడ పెట్టే సంఖ్య:

0200 – 7300 (అక్యుములేటర్, అంటే లెక్క జరిగే చోటు, లింక్, అంటే దాని పక్కనుండే ఒక్క బిట్, రెండూ సున్నా చెయ్యి)
0201 – 1205 (0205లో ఉన్నది కలుపు)
0202 – 1206 (0206లో ఉన్నది కలుపు)
0203 – 3207 (జవాబు 0207లో పెట్టు)
0204 – 7402 (ఆగు)
0205 – 0017
0206 – 0010
0207 – 0000

స్విచ్‌ల మీద 0200 పెట్టి లోడ్ యాడ్ (ఆ చిరునామాకి వెళ్లమనే స్విచ్) నొక్కాను. ఆ తర్వాత ఒక్కో సంఖ్య పెట్టడం, దాన్ని మెమరీలోకి ఎక్కించే డెప్ నొక్కడం. ఎనిమిదిసార్లు. మళ్లీ 0200కి వెళ్లి, మెమరీలో ఉన్నది లైట్ల మీద చూపించే ఎగ్జామ్ నొక్కుతూ ఎనిమిదీ సరిచూశాను. ఒక్కటీ తప్పు లేదు. ఇంకో నాలుగైదుసార్లు నొక్కితే ఆ తర్వాత చోట్లన్నీ 0000. మ్యూజియంవాళ్లు మెమరీని సున్నాలు చేసి ఉంచుతారట.

ఇక స్టార్ట్ నొక్కాను. రన్ లైటు వెలిగింది. ఆరాలి కదా? ఆరలేదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, నిమిషం. స్టాప్ నొక్కి మళ్లీ స్టార్ట్ నొక్కినా అంతే. ప్రోగ్రాం మొత్తం ఇంకో రెండుసార్లు ఎక్కించి చూశాను, అంతే. వెనక ముగ్గురు సందర్శకులు నిలబడి చూస్తున్నారు, నాకేమో టెన్షన్.

ఒక్క పని మాత్రం చేశాను. యంత్రం అలా నడుస్తుండగా ఫోన్‌తో ఫొటో తీశాను. ప్రోగ్రాం కౌంటర్ (తర్వాత నడవాల్సిన ఆజ్ఞ చిరునామా) వరుసలో ఎడమవైపు ఏడు లైట్లు గట్టిగా వెలుగుతున్నాయి, కుడివైపు ఐదు మందంగా ఉన్నాయి. అక్యుములేటర్ మొత్తం చీకటి. ఆజ్ఞల పేర్లుండే చోట ఐఓటీ (బయటి పరికరాలతో మాట్లాడే ఆజ్ఞ), జంప్ (వేరే చిరునామాకి దూకే ఆజ్ఞ) అనే రెండూ వెలుగుతున్నాయి. నా ప్రోగ్రాంలో ఐఓటీ లేదు, జంప్ లేదు! ఇదెలా సాధ్యం? స్విచ్‌లు పాడయ్యాయా?

సోల్డర్‌వాసన:

యాభై ఏళ్లు దాటిన స్విచ్‌లు కాబట్టి నాకు మొదట కాంటాక్టుల మీదే అనుమానం వస్తుంది. చూడటం తేలిక. 5252 పెట్టి లోడ్ యాడ్ నొక్కండి, తర్వాత 2525 పెట్టి నొక్కండి. మొదటిసారి ఒకటి విడిచి ఒకటి వెలుగుతాయి, రెండోసారి సరిగ్గా మిగతావి వెలగాలి. ఏ లైటైనా రెండుసార్లూ వెలిగినా, రెండుసార్లూ ఆరినా ఆ స్విచ్‌ని గానీ ఆ బల్బుని గానీ చూడాలి. అవి ఫిలమెంట్ బల్బులు, మాడిపోతుంటాయి.

కాకపోతే ఎగ్జామ్‌లో అన్నీ సరిగా కనిపించాయంటున్నారు. అలాంటప్పుడు స్విచ్‌ది తప్పు కాకపోవచ్చు. పెద్దవాళ్లు ఎవరైనా చెబితే నేనూ తెలుసుకుంటాను.

పన్నెండు_బిట్లు:

బాబూ, మీ స్విచ్‌లు బాగున్నాయి, ప్రోగ్రామూ బాగుంది. మీరు ఒక్కసారి నొక్కాల్సిన లోడ్ యాడ్ నొక్కలేదు, అంతే. కానీ ఆ ఫొటో తీయడం చాలా మంచి పని. చాలామంది యంత్రం మొండికేయగానే స్టాప్ నొక్కేస్తారు, సాక్ష్యం అక్కడితో పోతుంది.

డెప్ నొక్కినప్పుడల్లా సంఖ్య మెమరీలోకి వెళ్తుంది, ప్రోగ్రాం కౌంటర్ ఒకటి ముందుకు జరుగుతుంది. అందుకేగా ప్రతిసారీ చిరునామా పెట్టకుండా వరసగా ఎక్కించగలిగారు. ఎగ్జామ్ కూడా అంతే. 0207 దగ్గర చివరి నొక్కు నొక్కేసరికి కౌంటర్ 0210 మీద ఉంది. మీరు ఇంకో నాలుగైదు నొక్కారు కాబట్టి ఇంకా ముందుకు పోయింది. స్టార్ట్ ఎప్పుడూ కౌంటర్ ఎక్కడుంటే అక్కడ్నుంచే మొదలుపెడుతుంది. అంటే మీ ప్రోగ్రాంలో ఒక్క ఆజ్ఞ కూడా నడవలేదు.

మరి నడిచిందేంటి? అక్కడ ఉన్నవన్నీ 0000 అన్నారు. ఈ యంత్రానికి 0000 అంటే ఖాళీ కాదు, అదీ ఆజ్ఞే. సున్నా చిరునామాలో ఉన్నదానితో అక్యుములేటర్‌ని ఆండ్ చెయ్యమని, అంటే రెండింటిలోనూ ఒకటి ఉన్న బిట్లే ఉంచమని. ఒక్కోదానికి రెండు సైకిళ్లు, 3 మైక్రోసెకన్లు. అలా ఒక్కో సున్నానీ అమలు చేసుకుంటూ దాదాపు 3,900 చోట్లు దాటి మెమరీ చివరికి చేరడానికి 12 మిల్లీసెకన్లు చాలు. మీరు స్టార్ట్ మీద నుంచి వేలు తీసేలోపే చేరిపోయింది.

చివర్లో ఏముందో మీ ఫొటోయే చెబుతోంది. గట్టిగా ఏడు, మందంగా ఐదు. 7757ని లైట్లలో రాయండి, ఒక్కో అంకెకి మూడు లైట్ల గుంపు: మూడూ, మూడూ, అటూ ఇటూ రెండు, మూడూ. 7760 రాయండి: మూడూ, మూడూ, ఎడమ రెండు, చివరి మూడూ చీకటి. రెండింటిలోనూ వెలిగేవి ఎడమ ఏడు. ఒకదాంట్లో వెలిగి ఇంకోదాంట్లో ఆరేవి కుడి ఐదు. కౌంటర్ ఆ రెండు చోట్ల మధ్యే గిరగిరా తిరుగుతోంది కాబట్టి ఆ ఐదూ మందంగా కనిపించాయి. 7757లో 6031, టెలిటైప్ నుంచి అక్షరం వచ్చిందా అని అడిగే ఐఓటీ. 7760లో 5357, రాలేదు కాబట్టి మళ్లీ 7757కి వెళ్లమనే జంప్. మీరు చూసిన ఐఓటీ, జంప్ ఇవే.

అది రిమ్ లోడర్. టేపు మీద ఉన్న ప్రోగ్రాంని లోపలికి తీసుకునే చిన్న ప్రోగ్రాం, 7756 నుంచి 7775 దాకా పదహారు మాటలు (మాట అంటే ఒక్కో చిరునామాలో ఉండే పన్నెండు బిట్ల సంఖ్య). దాన్ని ఎవరో ఎప్పుడో ఆ స్విచ్‌లతోనే ఎక్కించారు. మిగతా మెమరీ సున్నా చేసినవాళ్లు దాన్ని మాత్రం కావాలనే వదిలి ఉంటారు, మేమూ అలాగే వదిలేవాళ్లం. కరెంటు తీసేస్తే పోదా అంటారేమో. పోదు. ఇది కోర్ మెమరీ. ఒక్కో బిట్‌కి ఒక్కో చిన్న ఫెర్రైట్ రింగు, దాని లోంచి దూర్చిన సన్నటి తీగలు. రింగు ఏ వైపుకి అయస్కాంతమై ఉందో అదే బిట్. కరెంటు లేకపోయినా ఆ వైపు అలాగే ఉంటుంది. పోయిన నెల పెట్టిన మాట ఈ నెల స్విచ్ వేస్తే అక్కడే ఉంటుంది. నాకు ఈ యంత్రంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

నా మాట నమ్మక్కర్లేదు, పరీక్ష చేసి చూడండి. ఈసారి కావాలనే లోడ్ యాడ్ నొక్కకుండా స్టార్ట్ నొక్కండి. ఆ లైట్లే వస్తాయి. అప్పుడు టెలిటైప్ మీద ఇంగ్లిష్ అక్షరం ఏ నొక్కండి. ఆ టెలిటైప్ ఎనిమిదో బిట్ ఎప్పుడూ ఒకటిగా పంపే రకమైతే, ఏ అంటే 301. లోడర్ దాన్ని నాలుగు బిట్లు ఎడమకి జరుపుతుంది. ఎనిమిదో బిట్ చూసి, ఇది టేపు మొదట్లో ఉండే ఖాళీ ముక్క అనుకుని మళ్లీ ఎదురుచూపులో పడుతుంది. కౌంటర్ లైట్లు మారవు, అక్యుములేటర్‌లో మాత్రం 6020 నిలిచిపోతుంది. ఎడమ చివర రెండు లైట్లు, మూడో గుంపులో మధ్యది ఒకటి. అది కనిపిస్తే నేను చెప్పింది నిజం.

ఆ తర్వాత 0200, లోడ్ యాడ్, స్టార్ట్.

ఇంకొక్క మాట. మీరు ఎనిమిదీ సరిచూశానన్నారు. ఎలా చూశారు? కాగితం చదివి లైట్లు చూశారా, లైట్లు చదివి కాగితం చూశారా? నేను 1974లో ఉద్యోగంలో చేరాను. మా ల్యాబ్‌లో ఇదే మోడల్ ఉండేది, ఒక పరికరం నుంచి వచ్చే పల్సుల్ని లెక్కపెట్టడానికి. చేరిన రెండో నెలలో 7402 పెట్టాల్సిన చోట నేను 7420 పెట్టాను. స్విచ్‌ల మీద చూస్తే తేడా ఎంత? 7402 అంటే మూడూ పైకి, ఒకటి పైకి, మూడూ కిందికి, మధ్యది పైకి. 7420లో ఆ చివరి మధ్యది ఒక గుంపు ఎడమకి జరుగుతుంది, అంతే. 7402 ఆగమంటుంది. 7420 లింక్ బిట్ ఒకటైతే ఒక ఆజ్ఞ దాటెయ్యమంటుంది. యంత్రం ఆగకుండా కిందనున్న లెక్కల్లోకి దిగి, వాటినే ఆజ్ఞలనుకుని నడిపింది. వాటిలో మూడుతో మొదలయ్యే సంఖ్యలు ఉన్నాయి, మూడు అంటే మెమరీలో రాయమని. నాలుగు గంటల కౌంట్ల మీద పిచ్చిరాతలు రాసింది.

నేను ఎగ్జామ్ నొక్కి చూసుకున్నాను కూడా. కాగితం మీద 7402 చదివి లైట్ల వైపు తిరిగాను. కంటికి 7402నే కనిపించింది. ఆ రోజు మా సీనియర్ నన్ను ఒక్క మాట అనకుండా పక్కన కూర్చుని, లైట్లు నువ్వు పైకి చదువు, కాగితం నా చేతిలో ఉంటుంది అన్నారు. అప్పట్నుంచి రిటైరయ్యేదాకా అంతే. లైట్లు ముందు, కాగితం తర్వాత. పక్కన మనిషి ఉంటే కాగితం వాళ్ల చేతికి ఇవ్వాలి. మీకు ఇద్దరు పిల్లలున్నారు, ఇంతకంటే మంచి జట్టు దొరకదు.

సోల్డర్‌వాసన:

ఫొటోలో లైట్ల మందం చూసి రెండు చిరునామాలు చెప్పారంటే... నమస్కారం అమ్మా. మన దగ్గర ఈసీఐఎల్‌వాళ్ల టీడీసీ-12 కూడా పన్నెండు బిట్లదే కదా?

పన్నెండు_బిట్లు:

అవును, ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 1969లో వచ్చింది, పన్నెండు బిట్లే. నేనుండేది ఏఎస్ రావు నగర్‌లో. ఆ సంస్థని నిలబెట్టిన పెద్దాయన పేరే ఈ కాలనీకి. నేను పనిచేసింది మాత్రం వేరే చోట, పీడీపీ మీద.

ఒంగోలు_టు_బోస్టన్:

అమ్మా, ఈ శనివారం మీరు చెప్పినట్టే చేశాను. లోడ్ యాడ్ లేకుండా స్టార్ట్. అవే లైట్లు. టెలిటైప్ మీద ఏ నొక్కాను. అక్యుములేటర్‌లో సరిగ్గా మూడు లైట్లు: ఎడమ రెండు, మూడో గుంపు మధ్యలో ఒకటి. 6020! అక్కడ మ్యూజియం చూసుకునే పెద్దాయన్ని పిలిచి చూపించాను. ఆయన ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు, హైదరాబాద్ నుంచి చెప్పారా అని రెండుసార్లు అడిగారు.

తర్వాత 0200, లోడ్ యాడ్, స్టార్ట్. రన్ లైటు వెలిగిందో లేదో కూడా తెలియలేదు, ఆగిపోయింది. కౌంటర్ 0205 చూపిస్తోంది, అంటే 0204 దగ్గర ఆగినట్టే కదా. కానీ అక్యుములేటర్ మొత్తం సున్నా. 27 రావాలి. కూడిక జరగలేదా? అప్పటికి నా గంట అయిపోయింది, 0207 చూడకుండానే లేచి వచ్చేశాను. ఇప్పుడు వారమంతా ఆగాలి.

పన్నెండు_బిట్లు:

జరిగింది బాబూ. 27 ఖచ్చితంగా 0207లో ఉంటుంది. కోర్ కదా, మధ్యలో ఎవరూ దాన్ని మార్చకపోతే వచ్చే శనివారం కూడా అక్కడే ఉంటుంది. వెళ్లగానే 0207, లోడ్ యాడ్, ఎగ్జామ్. ఇంకేదీ ముట్టుకోకముందే.

మీ 3207 రెండు పనులు చేస్తుంది. అక్యుములేటర్‌లో ఉన్నది మెమరీలో పెడుతుంది, పెట్టి అక్యుములేటర్‌ని సున్నా చేస్తుంది. చెంబులో నీళ్లు బిందెలో పోస్తే చెంబులో మిగలవు కదా, అలా. ఇప్పటి యంత్రాలకి అలవాటు పడినవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. ఇది ఎందుకంటే, ఆజ్ఞ ఏదో చెప్పడానికి దీనికి మూడే బిట్లు, అంటే ఎనిమిది రకాల ఆజ్ఞలే. వాటిలో మెమరీ నుంచి తెచ్చుకునే ఆజ్ఞ విడిగా లేదు, కలిపే ఆజ్ఞ ఒకటే ఉంది. సున్నాకి కలిపితే తెచ్చుకున్నట్టే. కాబట్టి పెట్టిన వెంటనే చెంబు ఖాళీ అయితే తర్వాతి లెక్కకి సిద్ధంగా ఉంటుంది, 7300 మళ్లీ రాయక్కర్లేదు. 4096 మాటల మెమరీలో ఒక్క మాట మిగిలినా మాకు సంతోషమే.

పిల్లలకి చూపించేటప్పుడు యంత్రాన్ని వేగంగా నడపకండి, వాళ్లకి ఏమీ కనిపించదు. సింగిల్ ఇన్‌స్ట్రక్షన్ స్విచ్ వేసి, 0200 లోడ్ చేసి స్టార్ట్ నొక్కండి. మొదటి ఆజ్ఞ చేసి ఆగుతుంది. ఇక కంటిన్యూ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే ఆజ్ఞ. ఒకసారి నొక్కితే అక్యుములేటర్‌లో 0017: కుడి చివర మూడు, వాటి పక్కన ఒకటి. అది మీ అమ్మాయి వయసు. ఇంకోసారి నొక్కితే 0027. ఆ ఒక్క లైటు ఆరి దాని ఎడమది వెలుగుతుంది, మిగతా మూడూ కదలవు. పిల్లలిద్దరి వయసులూ కలిసిన క్షణం అదే, అక్కడ ఆగి వాళ్లని చూడనివ్వండి. మూడోసారి నొక్కితే అక్యుములేటర్ చీకటి, మెమరీ బఫర్ (మెమరీలోకి వెళ్లే, వచ్చే సంఖ్య కనిపించే చోటు) వరుసలో 0027. చెంబులోంచి బిందెలోకి పోవడం కళ్లముందే కనిపిస్తుంది.

దానికి అలవాటు పడ్డాక ఇది ఎక్కించండి:

0200 – 7300
0201 – 7001 (అక్యుములేటర్‌కి ఒకటి కలుపు)
0202 – 2210 (0210ని ఒకటి పెంచు, సున్నా అయితే తర్వాతిది దాటు)
0203 – 5202
0204 – 5201
0210 – 0000

చివరిదానికి మళ్లీ చిరునామా లోడ్ చేయడం మరవకండి, 0205 నుంచి 0210కి దూకుతున్నారు. ఇది అక్యుములేటర్‌ని ఒకటి పెంచే ముందు 4096 సార్లు ఊరికే తిరుగుతుంది. ఒక్కో చుట్టుకి 4.5 మైక్రోసెకన్లు. లెక్కేస్తే సెకనుకి 54 సార్లు పెరుగుతుంది. కుడి చివరివి వణుకుతూ ఉంటాయి, మధ్యవి నింపాదిగా కొట్టుకుంటాయి, ఎడమ చివరిది 38 సెకన్లకి గానీ వెలగదు. 75 సెకన్లు దాటగానే అన్నీ ఒక్కసారి ఆరిపోయి, లింక్ లైటు వెలుగుతుంది. వాచీ పట్టుకుని చూడమనండి.

ఆ తర్వాత 0203లో 5202 తీసేసి 7000 పెట్టండి, అంటే ఏమీ చెయ్యకు అని. మళ్లీ నడపండి. పన్నెండు లైట్లూ మందంగా, కదలకుండా ఉన్నట్టు కనిపిస్తాయి. యంత్రం అసలు వేగం అది.

బెజవాడ_పై:

మ్యూజియం దగ్గర్లో లేనివాళ్ల కోసం ఒక మాట. ఆస్కార్ వెర్మ్యూలెన్ అనే ఆయన తయారుచేసిన పీఐడీపీ-8 అనే కిట్ ఉంది. ఈ 8/ఐ ముందుభాగమే, సైజు చిన్నది. వెనక రాస్ప్‌బెర్రీ పై, దాంట్లో సిమ్‌హెచ్ అనే సిమ్యులేటర్. నేను మా ఇంట్లో రెండు వారాంతాలు కూర్చుని సోల్డర్ చేశాను. పైన అమ్మగారు ఇచ్చిన లెక్కపెట్టే ప్రోగ్రాం ఇప్పుడే ఎక్కించి చూశాను, ఎడమ చివరి లైటు చాలా తొందరగా వెలిగింది. సిమ్యులేటర్ అసలు యంత్రంకంటే వేగంగా నడుస్తోందన్నమాట. ఆ 38 సెకన్లు అసలు యంత్రం మీద చూడాల్సిందే.

ఒంగోలు_టు_బోస్టన్:

నిన్న పిల్లల్ని తీసుకెళ్లాను. ముందు 0207 చూశాను. 0027. వారం రోజులు అక్కడే ఉంది!

లెక్కపెట్టే ప్రోగ్రాం అబ్బాయి ఎక్కించాడు, అందుకోవడానికి స్టూలు వేశారు. కాగితం నా చేతిలో. అమ్మాయి లైట్లు పైకి చదివింది. 0204 దగ్గర ఫైవ్, టూ, వన్, జీరో అంది. నేను కాగితం చూస్తే 5201. వాడు ఆ ఒకటిని ఒక గుంపు ముందే లేపాడు. నేనొక్కడినే ఉంటే కాగితం చదివి లైట్ల వైపు చూసి సరే అనేవాడిని. దిద్దాక నడిపితే లింక్ లైటు మా అబ్బాయి లెక్కలో 75 సెకన్లకి, అమ్మాయి ఫోన్‌లో 76 దగ్గర వెలిగింది.

ఇంకో పని చేశాను అమ్మా. రిమ్ లోడర్ ఎలా ఉంటుందో చూద్దామని 7756 నుంచి ఎగ్జామ్ నొక్కుతూ, మీరు చెప్పినట్టు లైట్లు ముందు చదివి రాసుకొచ్చాను. మీరు ఒకప్పుడు రోజూ ఎక్కించిన మాటలు కదా, మీకు చూపించాలనిపించింది:

6032, 6031, 5357, 6036, 7106, 7006, 7510, 5357, 7006, 6031, 5367, 6036, 7420, 3776, 3376, 5356

పన్నెండు_బిట్లు:

బాబూ, ఇవి నాకు ఎక్కాలు అప్పజెప్పినట్టు వచ్చేస్తాయి. మీరు రాసినవి పైకి చదువుతుంటే పన్నెండో దగ్గర నాలుక ఆగింది. 7771లో ఉండాల్సింది 6034. మీరు 6036 రాశారు. మీరు తప్పు చదివారా, అక్కడ అలాగే ఉందా? ఒక్క లైటు తేడా: చివరి గుంపులో ఎడమది ఒక్కటే వెలగాలి, మీ లెక్కన మధ్యది కూడా వెలుగుతోంది.

ఎందుకు అడుగుతున్నానంటే, టేపు మీద ఒక్కో వరుసలో మాటకి చెందిన బిట్లు ఆరే పడతాయి. పన్నెండు బిట్ల మాట రావాలంటే రెండు వరుసలు చదివి కలపాలి. మొదటి వరుస 6036తో చదివి ఎడమకి జరుపుతాం. రెండోది 6034తో చదవాలి, అది అక్యుములేటర్‌ని చెరపకుండా ఉన్నదానికి కలుపుతుంది. అక్కడ కూడా 6036 ఉంటే ముందు చెరిపేసి చదువుతుంది, మొదటి సగం పోతుంది. టేపు చక్కగా చివరిదాకా కదులుతుంది, చప్పుడు కూడా మామూలుగానే ఉంటుంది, మెమరీలో మాత్రం ప్రోగ్రాం ఉండదు.

టేపు రీడర్ పనిచేయట్లేదని మొదట రాశారు కదా. టేపు కదలట్లేదా, కదిలినా ఎక్కట్లేదా?

ఒంగోలు_టు_బోస్టన్:

ఇప్పుడే మ్యూజియం పెద్దాయనకి ఫోన్ చేసి అడిగాను. టేపు బాగానే కదులుతుందట, ఎక్కదట. రీడర్‌ని రెండుసార్లు విప్పి శుభ్రం చేశారట.

ఒంగోలు_టు_బోస్టన్:

శనివారం. 7771, లోడ్ యాడ్, ఎగ్జామ్. పెద్దాయన లైట్లు చదివారు, కాగితం నా చేతిలో. 6036. మళ్లీ 7771 లోడ్ చేసి, 6034 పెట్టి, డెప్. టేపు పెట్టాం. సెకనుకి పది వరుసల చొప్పున ఆ చప్పుడు వింటూ ఇద్దరం ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాం. టేపు అయిపోయాక మొదటి ఆరు చోట్లు ఎగ్జామ్ నొక్కి చూశాం. ఆరూ సరిగ్గా ఉన్నాయి అమ్మా.